నీడకు నోరుండదు

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ రేడియో పెట్టేవాళ్ళందరికీ నా గొంతు తెలుసు. వాన పడుతుందా, ఏ దారిలో బళ్ళు ఆగిపోయాయి, ఎవరి కుక్క తప్పిపోయింది, అన్నీ నేనే చెప్తాను. చెప్పడానికేం లేనప్పుడు కూడా చెప్తాను. అసలు నాకు జీతమిచ్చేదే అందుకు. మా వృత్తిలో నిశ్శబ్దాన్ని మించిన నేరం లేదు. మాట ఆగితే వినేవాడు స్టేషను మార్చేస్తాడని మా మేనేజరు భయం. అందుకని స్టూడియో గోడకి ఒక ఎర్రదీపం పెట్టించాడు. నిశ్శబ్దం కాస్త సాగిందంటే అది వెలుగుతుంది. నేను మైకు ముందున్నప్పుడు అది ఒక్కసారి కూడా వెలగలేదు. అందుకు మెచ్చుకుని ఒక గోడగడియారం ఇచ్చారు.

చిక్కేమిటంటే, ఆ దీపం స్టేషన్లో ఉండిపోలేదు. నాతో ఇంటికొచ్చేసింది. ఎదుటివాళ్ళు మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే చాలు, నా తలకాయలో ఎర్రగా వెలుగుతుంది. మిగతా వాక్యం నేను పూర్తి చేసేస్తాను. మా ఆవిడది కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. 'ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా' అని అడిగి, అవతలివాళ్ళు తేల్చుకునేదాకా ఊరుకోవడం ఆవిడకి అన్నం పెడుతోంది. మా ఇద్దరికీ ఎలా కుదిరిందని చాలామంది అడుగుతారు. పెళ్ళి చేసుకుందామా అని నేనడిగాను. ఆవిడ ఆలోచిస్తుండగా 'సరే' అని కూడా నేనే అనేశాను.

మాకొక్కతే కూతురు. తొమ్మిదేళ్ళు. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పదు. ముందు కాసేపు ఎటో చూస్తుంది, తర్వాత పెదాలు కదుపుతుంది, ఆ తర్వాత మాట వస్తుంది. వస్తుందనే అంటారు, నేనెప్పుడూ అంతదాకా ఆగలేదు. మా అత్తగారు దానికి నిదానమ్మ అని ముద్దుపేరు పెట్టింది. నిదానమే ప్రధానమని ఆవిడ మెచ్చుకోలుగానే పెట్టింది గానీ, నా చెవికి అది జబ్బు పేరులా వినపడింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నత్తి లేదు, చెవులు బాగున్నాయి, ఈ అమ్మాయికి ఏ లోపం లేదు అని చెప్పి ఆయన నా వైపు అదోలా చూశాడు. ఆ చూపు సంగతేమిటో అప్పుడు ఆలోచించలేదు. నేను ఇంకా మాట్లాడుతున్నాను.

దుకాణంలో 'ఏ రంగు కావాలి పాపా' అని అడిగితే, పాప ఎటో చూస్తుండగా 'నీలం' అని నేనే అనేవాణ్ణి. అలా బ్యాగు నీలం అయింది, చెప్పులు నీలం, గొడుగు నీలం, చివరికి దాని గది గోడలు కూడా నీలం. పెద్దమ్మాయిలా ఏమీ పేచీ పెట్టకుండా అన్నీ తీసుకుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా. మిగతా అర్ధం నేను వేసుకున్నాను.

దాన్ని మాంటిస్సోరి బడిలో వేయాలన్నది మా ఆవిడ నిర్ణయం. పసితనంలో బాగానే ఉంది. గిన్నెలోంచి గిన్నెలోకి గింజలు పోసుకుంటారు, బొత్తాలు పెట్టుకుంటారు, సరే. ఆరేళ్ళు దాటాక కూడా అక్కడే అంటే నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఏం పోస్తారు గిన్నెల్లో? మార్కుల్లేవు, బెల్లుల్లేవు. ఈ పిల్ల నోరు విప్పేదెప్పుడు?" అని అడిగాను.

"టీచరు చెప్పింది, క్లాసులో బాగా మాట్లాడుతుందట," అంది మా ఆవిడ.

"ఆవిడ ఇంకో పిల్ల గురించి చెప్పుంటుంది."

"వెళ్ళి చూసి రండి. చూడ్డానికి మాత్రమే," అంది. ఆ చివరి మాట కాస్త వత్తి పలికింది.

వెళ్ళాను. తలుపు పక్కన చూసేవాళ్ళ కోసం ఒక కుర్చీ వేశారు. పిల్లల కుర్చీ. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. చూడొచ్చు, వినొచ్చు, మాట్లాడకూడదు అని చెప్పి టీచరు వెళ్ళిపోయింది. పిల్లలు ఆవిణ్ణి అక్క అంటారు. తర్వాత ఆవిడ ఎక్కడుందో వెతుక్కోవడానికే నాకు చాలాసేపు పట్టింది. నా చిన్నప్పుడు టీచరంటే గదికి ముందుండే కంఠం. ఈవిడ ఒక మూల నేల మీద ఇద్దరు పిల్లలకి గుసగుసగా ఏదో చెప్పి, లేచి ఇంకో మూలకి పోతోంది. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ ఒకే గదిలో కలిసి ఉన్నారు. ఒకమ్మాయి రాసుకున్న వాక్యం మీద పేరు చెప్పే ప్రతి మాటకీ నల్ల త్రికోణం, పని చెప్పే ప్రతి మాటకీ ఎర్రటి గుండ్రం పెడుతోంది. ఎవరూ ఎవరినీ ఏం చేయాలని అడగట్లేదు. బెల్లు లేదు, మధ్యలో లేపేవాళ్ళు లేరు. పొద్దుటిపూటంతా వాళ్ళదే.

నా కాళ్ళ దగ్గర ఒక కుర్రాడు చాప పరుచుకుని పెద్ద భాగహారం చేస్తున్నాడు. గాజు గొట్టాల్లో రంగురంగుల పూసలు, ముందు పలక మీద వరసగా చిన్న చిన్న కొయ్య మనుషులు. పూసల్ని వాళ్ళకి సమంగా పంచాలి. ఒక్కడి వాటాకి ఎంతొచ్చిందో అదే జవాబు. జవాబులో చివరి అంకె కోసం ఆకుపచ్చ పూసలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతున్నాడు. ఆగి తల గోక్కున్నాడు. నాకు ఎర్రదీపం వెలిగింది.

"ఏడు!" అన్నాను.

కుర్రాడు తలెత్తి చూశాడు. కోపంగా కాదు, బస్సులో పక్కవాడి మోచెయ్యి తగిలితే చూసినట్టు. తర్వాత పూసలన్నీ తీసి మళ్ళీ గొట్టాల్లో పోయడం మొదలెట్టాడు.

"ఎందుకు తీసేస్తున్నావు? ఏడు కరెక్టే కదా?"

"కరెక్టే అంకుల్. కానీ ఇప్పుడిది మీ లెక్క అయిపోయింది. నాది మళ్ళీ చేసుకోవాలి," అన్నాడు.

టీచరు వచ్చి నన్ను మర్యాదగా బయటికి తీసుకెళ్ళింది. బడి వదిలి ఎన్నేళ్ళయిందో, మళ్ళీ క్లాసు బయట నిలబడ్డాను.

"వాడు తప్పు చేస్తే పూసలే చెప్తాయండీ," అంది. "మిగిలిపోతాయి, లేకపోతే చాలవు. మేం చెప్పక్కర్లేదు."

"మరి మీ పనేంటి?"

"అడ్డు రాకుండా ఉండటం. చాలా కష్టం. నాకూ నాలుక దురద పెడుతుంది," అని నవ్వింది. "దానికో ఉపాయం ఉంది. పసివాడికి 'ముట్టుకోకు' అని వందసార్లు చెప్పే బదులు, ముట్టుకుంటే పాడయ్యేదాన్ని ముందే తీసి పైన పెట్టేస్తాం. గదిని సిద్ధం చేయడం మా పని. అది చేస్తే తిట్టాల్సిన పనుండదు."

చాలా మంచి ఉపాయమని మెచ్చుకున్నాను. అది ఒకనాడు నా మీదే ప్రయోగిస్తారని అప్పుడు తెలీదు.

ఇంతలో వరండా చివర్నుంచి ఒక గొంతు వినపడింది. ఎవరో పెద్దపిల్ల చిన్నపిల్లలకి ఏదో చెప్తోంది. వరండా పొడవునా ఒక నల్లటి గుడ్డపట్టీ పరిచి ఉంది. అదంతా భూమి వయసు. దాని వెంట నడుచుకుంటూ చెప్తోంది.

"భూమి పుట్టింది… ఇక్కడ. ఇక్కణ్ణుంచి… అక్కడిదాకా… ఎవరూ లేరు. చేపల్లేవు. మాట్లాడేవాళ్ళు… అసలే లేరు."

మా అమ్మాయి. నా కూతురి గొంతు పోల్చుకోవడానికి నాకు ముఖం చూడాల్సొచ్చింది. మాటకీ మాటకీ మధ్య అంతంత ఖాళీలు. ఆ చిన్నవాళ్ళు గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఆ ఖాళీలు కూడా కథలోవే అన్నట్టు వింటున్నారు. గుడ్డ చిట్టచివర సన్నటి తెల్లటి అంచు ఉంది. దాని దగ్గర వంగి వేలు పెట్టింది.

"ఈ తెల్లగా ఉన్నది…"

అప్పుడు నన్ను చూసింది. ఆగిపోయింది. ఇక నువ్వు చెప్పు అన్నట్టు నిలబడింది. నేను చెప్పాను కూడా. "మానవుడు పుట్టి నాగరికత సాధించిన మహత్తర కాలం!" అన్నాను, సరిగ్గా రేడియోలో నా మధ్యాహ్నం కార్యక్రమం గొంతుతో.

ఒక బుడ్డోడు మా అమ్మాయి గౌను పట్టుకుని లాగాడు. "అక్కా, నువ్వు చెప్పబోయింది అదేనా?"

అది చాలాసేపు నేలవైపు చూసి, "కాదు," అని గుడ్డ చుట్టేయడం మొదలుపెట్టింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా అమ్మాయి రచ్చ గెలిచేసింది. ఇంట గెలవకపోవడానికి కారణం ఇంట్లో నేనుండటమే. ఆ సాయంత్రం "ఏం చెప్పబోయావు తల్లీ?" అని అడిగాను. అది ఆలోచిస్తుంటే ఆత్రం పట్టలేక "మనం కొత్తవాళ్ళమనా? మనం చిన్నవాళ్ళమనా?" అని నేనే అందించాను. "మర్చిపోయాను," అంది. ఊరంతా నా గొంతు వింటుంది. నేను మాత్రం నా కూతురు ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తి చేయగా ఒక్కసారీ వినలేదు. వినాలి. ఒక్కసారైనా నా ఎదురుగా, చివరిదాకా. ఆ రోజు నుంచి నాకు అదే పట్టుకుంది.

అవకాశం త్వరలోనే వచ్చింది. ఈ వయసు పిల్లలకి క్లాసు గది చాలదట. ప్రతిదానికీ 'ఎందుకు' అని అడుగుతారు, ముగ్గురు నలుగురు జట్టు కడతారు, అలమర్లో పుస్తకాలకి అందని ప్రశ్న వస్తే జవాబు ఎక్కడుందో వెతుక్కుంటూ ఊళ్ళోకి పోతారు. దాన్ని బయటిపని అంటారు. ఎవరిని కలవాలో, ఎప్పుడు రమ్మంటారో, ఏ బస్సెక్కాలో అంతా వాళ్ళే చూసుకోవాలి. ఫోన్లు కూడా వాళ్ళే చేయాలి. అడగనిదే అమ్మైనా పెట్టదన్న మాట ఈ బడిలో పాఠం. తోడుగా పెద్దవాళ్ళొకరు వెళ్తారు. వాళ్ళని పిల్లలు నీడ అంటారు. నీడ వెనకే నడవాలి, దారి చూపించకూడదు, మాట్లాడకూడదు.

మా అమ్మాయి జట్టులో ముగ్గురు. పూసల కుర్రాడొకడు. వాణ్ణి అందరూ ప్రశ్నలరాయుడంటారు. ఇంకొకమ్మాయి మ్యాపు. దారులన్నీ తనకే తెలుసని నమ్మకం కాబట్టి ఆ పేరు. వాళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్న మా అమ్మాయిది: రేడియోలో మాటల మధ్య ఖాళీలు ఎందుకుండవు? దానికి జవాబు మా స్టేషన్లోనే దొరుకుతుందని తేల్చి, మా సౌండు ఇంజనీరుకి వాళ్ళే ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకున్నారు. నాకు మాటమాత్రం చెప్పలేదు. నీడగా మా పక్కింటి కుట్టుపని ఆవిణ్ణి అడిగారు. ఆవిడ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, మాట్లాడే ప్రమాదం లేదు. తీరా ఆవిడకి పెళ్ళిబట్టల పనొచ్చి రానంది. నేను సెలవు పెట్టి పిల్లల కాళ్ళావేళ్ళా పడ్డాను.

ప్రశ్నలరాయుడు నన్ను ఇంటర్వ్యూ చేశాడు. "మేం తప్పు బస్సెక్కితే ఏం చేస్తారు అంకుల్?"

"వెంటనే చెప్తాను."

"తప్పు."

"దగ్గుతాను."

"దగ్గు కూడా మాటే. నిజంగా ప్రమాదం వస్తే?"

"అరుస్తాను."

"అది కరెక్టు," అని వాడు మా అమ్మాయి వైపు చూశాడు. అది నన్ను ఎగాదిగా చూసింది. నేను నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఆగాను.

"సరే," అంది. "కానీ…"

ఆ 'కానీ' తర్వాత ఏమీ రాలేదు. నేనూ ఏమీ అందించలేదు. నా అంతటివాడు లేడని పొంగిపోయాను.

ఆ రోజు పొద్దున్న మ్యాపు సరైన నంబరు బస్సే ఎక్కించింది, అవతలి వైపు పోయేదాన్ని. అడుగు పెట్టగానే నాకు తెలిసిపోయింది. సీట్లో కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. కక్కలేను, మింగలేను. పక్కనున్న పెద్దాయన "పిల్లలతో ఎక్కడికి ప్రయాణం?" అని అడిగాడు. తల ఊపాను. "పాపం, మాటలు రావా?" అన్నాడు. నా జీవితంలో ఆ మాట నన్నెవరైనా అంటారని కల కూడా కనలేదు. కిటికీలోంచి నది కనపడింది.

"నది ఇటు రాకూడదే," అంది మ్యాపు.

"వచ్చేసిందిగా," అన్నాడు ప్రశ్నలరాయుడు.

ముగ్గురూ దిగి, రోడ్డు దాటి, పేపర్ల కొట్టులో అడిగి, ఎదురు బస్సెక్కారు. ఎవరూ నా వైపు చూడలేదు, ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. నదే వాళ్ళకి పూసల పని చేసిపెట్టింది. నేను నోరు విప్పి ఉంటే, సమయానికి చేరి, నది ఏ వైపుందో తెలుసుకోకుండా ఇంటికి పోయేవాళ్ళు.

స్టేషను గేటు దగ్గర అసలు కష్టం మొదలైంది. గార్డు లేచి, "ఏం సార్, సెలవన్నారు?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. "సార్?" అన్నాడు మళ్ళీ. గొంతు దగ్గర చెయ్యి పెట్టి, లేదన్నట్టు ఊపాను. పిల్లలు సంతకాలు పెట్టి మెట్లెక్కేలోపు స్టేషనంతా పాకిపోయింది, నాకు గొంతు పోయిందని. ఒకరు వేణ్ణీళ్ళు తెచ్చారు. వార్తలు చదివే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బాధపడకండి, మీ ప్రోగ్రాం నేను చూసుకుంటాను," అంది. ఆ సమయంలో ఆవిడ కళ్ళల్లో వెలుగు నేను మర్చిపోలేను. మేనేజరు స్వయంగా వచ్చి, "ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు విశ్రాంతి తీసుకో," అన్నాడు. అంత ప్రేమగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా వేణ్ణీళ్ళు తాగాను.

మా సౌండు ఇంజనీరుని అందరం కత్తెర అంటాం. ఒకప్పుడు టేపుని నిజంగానే కత్తిరించేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో కత్తిరిస్తున్నా పేరు ఉండిపోయింది. పిల్లల్ని కూర్చోబెట్టి, ముందే రికార్డు చేసిన నా మధ్యాహ్నం కార్యక్రమం తెర మీద పెట్టాడు. నా మాటలు గుట్టలు గుట్టలుగా కనపడ్డాయి. అక్కడక్కడా చదునుగా ఉన్నాయి.

"ఈ చదును చోట్ల మీ అంకుల్ ఊపిరి తీసుకున్నాడు. ఇదిగో, ఇలా తీసేస్తాను," అని నొక్కాడు. గుట్టలు దగ్గరికి జరిగి అతుక్కున్నాయి.

"ఎందుకు తీసేస్తారు?" అన్నాడు ప్రశ్నలరాయుడు.

"వినేవాళ్ళు విసుక్కుంటారని."

"ఎవరు విసుక్కున్నారు?"

కత్తెర తల గోక్కున్నాడు. "అడగలేదు."

తర్వాత ఒక్కొక్కళ్ళనీ అద్దం అవతలి గదిలో మైకు ముందు కూర్చోబెట్టి, వాళ్ళ గొంతు వాళ్ళకి వినిపిస్తానన్నాడు. మ్యాపు బస్సు కథ చెప్పింది. అందులో నది దానంతటదే తప్పు చేసింది. ప్రశ్నలరాయుడు మైకునే ప్రశ్నలడిగాడు. చివరికి మా అమ్మాయి వెళ్ళి కూర్చుంది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. వాటి మధ్య ముఖం మరీ చిన్నదైపోయింది.

"ఈ ప్రశ్న నీకెందుకొచ్చిందో చెప్పమ్మా," అన్నాడు కత్తెర మైకులో. చెప్పి వెనక్కి జారగిలబడ్డాడు.

అది ఎటో చూడటం మొదలెట్టింది.

నా పక్కనే బల్ల మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి మాట్లాడితే లోపలివాళ్ళ చెవుల్లో మాత్రం వినపడుతుంది. మాట తడబడ్డ అతిథుల్ని ఎందరినో దానితో గట్టెక్కించాను. నోరు ఊరుకుంది, నిజం చెప్తున్నాను. వేలే వెళ్ళింది. కాసేపు దాని మీద ఊరికే పెట్టి ఉంచాను. ఖాళీ సాగింది. గోడ మీద దీపం ఈ గదిలో లేదు, నా తలలో ఉన్నది మాత్రం భగ్గున మండింది. పిల్ల అందరిముందూ చిన్నబోతుందేమో. నొక్కేశాను.

"చెప్పు తల్లీ," అన్నాను గుసగుసగా. "'శబ్దశాస్త్రం మీద ఆసక్తితో' అను."

అది కదల్లేదు. మళ్ళీ నొక్కాను. "పోనీ 'నాన్న ఉద్యోగం చూసి' అను."

"అంకుల్, నీడ మాట్లాడుతోంది," అన్నాడు ప్రశ్నలరాయుడు కత్తెరతో.

రెండో చేత్తో నోరు మూసుకున్నాను. వేలు మాత్రం బటన్ మీదే ఉంది. మా అమ్మాయి అద్దంలోంచి నా వైపు ఒకసారి చూసింది. అచ్చం ఆ డాక్టరు చూపు. తర్వాత మైకు వైపు తిరిగింది.

"మా నాన్న… రేడియోలో మాట్లాడతారు," అంది. "నేను రోజూ వింటాను. ఇంట్లో నేను… నాన్న ఊపిరి తీసుకునేటప్పుడు… మాట్లాడతాను. అప్పుడైతేనే… చోటుంటుంది."

ఆగింది.

"రేడియోలో కూడా… ఎక్కడ తీసుకుంటారా అని… వెతికాను. ఎక్కడా లేదు. అసలు నాన్నకి… ఊపిరి ఆడుతోందా అని… భయమేసింది. అందుకని… అడిగాను."

అంతే. చెప్పడం అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఆ గదిలో చోటు లేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. నా కూతురు నా ఎదురుగా చివరిదాకా మాట్లాడింది. నేను మధ్యలో రెండుసార్లు అందించినా తట్టుకుని మాట్లాడింది. అదే అన్నాను కత్తెరతో. నీడ ఉద్యోగం ఎలాగూ ఊడింది కాబట్టి నోరు విప్పాను. "చూశావా, నేను చెవిలో అంత చెప్తున్నా అది దాని మాటే చెప్పింది."

"ఏం చెప్పావు? దానికేం వినపడలేదు," అన్నాడు కత్తెర. బల్ల కిందకి వంగి, ఒక తీగ కొస పట్టుకుని పైకి చూపించాడు. దేనికీ తగిలించి లేదు. "పొద్దున్నే పీకేశాను. మీ అమ్మాయే నిన్న ఫోన్లో అడిగింది. మధ్యలో లైను కట్టయిందనుకుని రెండుసార్లు పెట్టేశాను, మళ్ళీ మళ్ళీ చేసి అడిగింది."

"ఏమని?"

"'మా నాన్న బటన్ నొక్కుతారు. ఆయన్ని ఏమీ అనొద్దు, ఆగలేరు. తీగ తీసేస్తే చాలు' అని."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను. చెవుల్లేని బటన్‌కి అంత భక్తిగా ఊదినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ముట్టుకుంటే పాడయ్యేదాన్ని నాకందకుండా ముందే తీసి పైన పెట్టింది. గదిని సిద్ధం చేసింది. ఆ 'కానీ' తర్వాత ఉన్నది ఈ తీగ.

బడికి వెళ్ళాక ముగ్గురూ టీచరుకి జరిగినదంతా చెప్పారు. "నీడ రెండుసార్లు మాట్లాడింది," అన్నాడు ప్రశ్నలరాయుడు. "కానీ తీగ లేదు కాబట్టి లెక్కలోకి రాదు." టీచరు నా వైపు చూసి ఏమీ అనలేదు. ఆవిడ వృత్తే అది.

సాయంత్రం మేమిద్దరం ఇంటికి బస్సెక్కాం. ఇక నేను నీడని కాను, ఎంతైనా మాట్లాడొచ్చు. చెప్పడానికి బోలెడుంది. క్షమించమనాలి, మెచ్చుకోవాలి, ఇంకా చాలా. ఒళ్ళో నీలం బ్యాగు, దాని మీద నీలం గొడుగు పెట్టుకుని అది కిటికీ పక్కన కూర్చుంది. నేను ఊపిరి తీసుకున్నాను. తీసుకుని, దాన్ని కాస్త అలాగే ఉంచాను.

"నాన్నా…" అంది.

ఎర్రదీపం వెలిగింది. ఆ మాట వెనక రావలసినవన్నీ నా నోట్లో తోసుకుంటూ నిలబడ్డాయి. కోపమొచ్చిందా నాన్నా? వచ్చేసారి కూడా నువ్వే రా నాన్నా? తీగ తీయించినందుకు ఏమనుకోకు నాన్నా? ఏదిచ్చినా అతికేలాగే ఉంది. అంతలో మా వీధి మలుపు కనపడింది. దిగాలి. లేచి 'పద పద' అంటే ఆ వాక్యం అక్కడితో సరి, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. బస్సు ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. తలుపు మూసుకుంది. నేను కదల్లేదు.

"నాకు…" అంది. బస్సు మా ఇల్లు దాటింది. మా ఆవిడ పనిచేసే కళ్ళజోళ్ళ కొట్టు దాటింది. "నీలం రంగు… అస్సలు… ఇష్టం లేదు."

తొమ్మిదేళ్ళ బరువు దించుకున్నట్టు సీటుకి జారగిలబడింది. నేను ఆ బ్యాగు వైపు, గొడుగు వైపు, చెప్పుల వైపు చూశాను. మరి ఏ రంగు ఇష్టమని అడగబోయి, దానికీ కొంత టైము పడుతుందని ఊరుకున్నాను.

అది కిటికీలోంచి బయటికి చూసింది. "మన స్టాపు దాటిపోయింది కదా నాన్నా, చెప్పొచ్చుగా!" అంది. ఆ మాటలో మాత్రం ఒక్క ఖాళీ కూడా లేదు.